ముందు సీటు కాళ్ళ మీద పెట్రోలు ట్యాంకు: పాత కబ్‌కు మాటు వేయాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ ఉంది. ఇద్దరు స్నేహితులతో కలిసి 1946 నాటి పైపర్ జె-3 కబ్ అనే చిన్న విమానం కొన్నాను. కొన్నాళ్ళుగా కాక్‌పిట్‌లో పెట్రోలు వాసన వస్తోంది. ముందు ప్యానెల్ వెనక, ట్యాంకు అడుగు అంచున నీలం రంగు మరక కనిపించింది. గాస్కొలేటర్ (పెట్రోలులోని నీరు, చెత్త పట్టే వడపోత) గిన్నెలో తుప్పు పొడి కూడా వస్తోంది. మా మెకానిక్ కొత్త ట్యాంకు వేయించమంటున్నారు. ఒక భాగస్వామి లోపల సీలెంట్ పోసి తిప్పితే సరిపోతుందంటాడు. ఇంకొకాయన తనకు తెలిసిన వెల్డర్ చేత అల్యూమినియం ట్యాంకు చేయిస్తానంటాడు. పాపను ముందు సీట్లో కూర్చోబెట్టడానికి మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఖర్చు చూస్తే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఆవిడ చెప్పింది నిజం. ఇంకొంచెం ముందుకు వెళ్ళి చెబుతున్నాను: ఈ సంగతి తేలేదాకా పాపే కాదు, మీరు ముగ్గురూ కూడా ఆ విమానం ఎక్కవద్దు. మెకానిక్ ఉన్న ఎయిర్‌పోర్టు దాకా ఒక్కసారి ఎగిరి వెళ్దాం అనే ఆలోచన కూడా వద్దు. ఆయన్నే మీ హ్యాంగర్‌కు రమ్మనండి. కుదరకపోతే రెక్కలు విప్పి ట్రైలర్ మీద తీసుకెళ్ళండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ ట్యాంకు ఉన్న చోటు. జె-3లో ఇంజిన్‌కూ ప్యానెల్‌కూ మధ్య 12 గ్యాలన్ల ట్యాంకు ఉంటుంది. నిండా పోస్తే 45 లీటర్లు, బరువు 72 పౌన్లు. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళ కాళ్ళ మీదే ఆ పెట్రోలంతా ఉన్నట్టు లెక్క. పంపు లేదు, పెట్రోలు దాని బరువుతో అదే కార్బ్యురేటర్‌కు దిగుతుంది. అంటే కారే చోటు నుంచి కూడా ఎవరూ తోడనక్కర్లేకుండా కారుతూనే ఉంటుంది. కబ్‌లో పుట్టుకతో బ్యాటరీ, స్టార్టర్ లేవు కాబట్టి నిప్పురవ్వ ఎక్కడినుంచి వస్తుందని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. ఎగ్జాస్ట్ వేడి ఉంది, ఇంజిన్‌కు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు ఉన్నాయి, తర్వాత ఎవరో పెట్టిన ఇంటర్‌కమ్, రేడియో తీగలు ఉంటాయి. చుట్టూ ఉన్నది గుడ్డ చుట్టిన విమానం.

ఇక మాటా, కొత్తదా అన్న ప్రశ్న. దానికన్నా ముందు తేల్చాల్సింది వేరే ఉంది. అసలు కారుతున్నది ట్యాంకేనా? వాసన వచ్చిన ప్రతిసారీ ట్యాంకే దోషి కాదు. పెట్రోలు ఆపే వాల్వు లోపలి ప్యాకింగ్ ఎండిపోయి ఉండవచ్చు. ట్యాంకు అడుగున గొట్టం బిగించే చోట మర వదులై ఉండవచ్చు. గొట్టాల మధ్య వేసిన రబ్బరు ముక్క పగిలి ఉండవచ్చు. నింపేటప్పుడు మూత దగ్గర ఒలికింది కిందికి జారి అడుగు అంచున ఆగి మరక పడవచ్చు. 100 ఎల్‌ఎల్ అనే విమానాల పెట్రోలుకు నీలం రంగు కలుపుతారు కాబట్టి ఆరిన చోట ఆ రంగు మిగులుతుంది. అది పెట్రోలు ఆగిన చోటును చూపిస్తుంది, బయటికి వచ్చిన చోటు అంతకన్నా పైన ఎక్కడైనా ఉండవచ్చు. మరకలన్నీ శుభ్రంగా తుడిచి, అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కం పౌడర్ పలచగా అద్ది, విమానాన్ని హ్యాంగర్ బయట గాలి తగిలే చోట నిలబెట్టి చూడమనండి. పౌడర్ మీద తడి గీత ఎక్కడ మొదలైందో అదీ అసలు చోటు. గాస్కొలేటర్ మాత్రం ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజిన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉన్న అడ్డుగోడకు, అవతలి వైపు ఉంటుంది. అక్కడి వాషర్ పాడైతే వాసన లోపలికి వస్తుంది కానీ ట్యాంకు అంచున మరక పడదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది మరక కాదు, గిన్నెలో వస్తున్న తుప్పు పొడి. ఆ కాలపు ట్యాంకులను సీసం, తగరం కలిపిన పూత వేసిన పలచటి ఇనుప రేకుతో చేసి, అంచులకు టంకం వేసేవాళ్ళు. ఆ పూత బాగున్నంత కాలం రేకుకు ఏమీ కాదు. పూత ఎక్కడ చెదిరితే అక్కడ ఇనుము బయటపడుతుంది. పెట్రోలులో ఎప్పుడూ కొంత నీరు చేరుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడితే గోడలకు చెమ్మ పడుతుంది, మూత సందులోంచి వాన నీళ్ళు దిగుతాయి. నీరు పెట్రోలుకన్నా బరువు కాబట్టి అడుక్కు చేరుతుంది. కబ్ నేల మీద తోక ఆనించి నిలబడుతుంది కాబట్టి ట్యాంకు అడుగున వెనక వైపు పల్లం అవుతుంది. నెలల తరబడి కదలని విమానంలో ఆ పల్లపు మూలనే రేకును తుప్పు ముందు తింటుంది. మీ ముగ్గురికీ ముందు ఈ విమానం చాలాకాలం షెడ్డులో పడి ఉందేమో పాత లాగ్‌బుక్‌లు తిరగేయండి. ఏడాదికి రెండు మూడు గంటలు మాత్రమే ఎగిరిన ఏళ్ళు కనిపిస్తే ఈ తుప్పుకు కారణం అక్కడే దొరుకుతుంది.

పొడి గిన్నె దాకా వచ్చిందంటే తుప్పు లోపలి నుంచి నడుస్తోందని అర్థం. బయటికి కనిపించే సూదిబెజ్జం ఒక్కటే కావచ్చు, దాని చుట్టూ రేకు ఎంత మిగిలిందన్నదే నాకు ముఖ్యం. ట్యాంకు విప్పాక సన్నటి కెమెరా తీగ దింపి అడుగు భాగం చూడమనండి. ఆ పనికి వాడే దీపం, కెమెరా పెట్రోలు ఆవిరి ఉన్న చోట వాడదగ్గవి కాకపోతే ముందు ట్యాంకు ఆవిరి పూర్తిగా పోగొట్టాలి. బయటి నుంచి పట్టీల కింద కూడా చూడాలి. ట్యాంకును పట్టి ఉంచే పట్టీల కింద వేసిన ఫెల్టు, రబ్బరు చెమ్మ పట్టుకుని ఉంటాయి. బయటి తుప్పు ఎక్కువగా అక్కడే దాక్కుంటుంది.

ఇప్పుడు నా తీర్పు. లోపల రేకు మెరుస్తూ ఉండి, అంచు టంకంలో ఒక చోట మాత్రమే చీలిక ఉంటే, టంకం పని తెలిసిన మనిషి చేత మాటు వేయించుకోవచ్చు. అది నిఖార్సయిన రిపేరే, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అడుగు రేకు గుంటలు పడి, తుప్పు మచ్చలతో ఉంటే మాటు వద్దు, ట్యాంకు మార్చండి. ఒక బెజ్జం మూస్తే, టంకం వేడికి పక్కన పలచబడిన చోట ఇంకోటి తెరుచుకుంటుంది. మీరు రాసిన లక్షణాలను బట్టి మీది రెండో రకమేనని నా గట్టి అనుమానం. మీ మెకానిక్ గిన్నెలో పొడి చూసే ఆ మాట చెప్పి ఉంటారు.

సీలెంట్ సంగతికి వస్తాను, ఎందుకంటే మీ ముగ్గురి మధ్య మాట పట్టింపు అక్కడే ఉన్నట్టుంది. స్లాషింగ్ కాంపౌండ్ అని, ట్యాంకులో పోసి అటూ ఇటూ తిప్పి, మిగిలింది ఒంపేసే ద్రవం ఒకటి ఉంది. శుభ్రమైన లోహం మీద, సన్నటి అతుకుల చెమర్పుకు దాన్ని ఒకప్పుడు బాగా వాడేవాళ్ళు. తుప్పు రేకు మీద పోయడమంటే చెమ్మ గోడకు సున్నం వేయడమే. కింద తుప్పు సాగుతూనే ఉంటుంది, పైన పొర పొక్కులు లేచి ఊడుతుంది. గోడ మీద ఊడితే నేల మీద పడుతుంది. ఇక్కడ ఊడిన పొర పెట్రోలు బయటికి వెళ్ళే జల్లెడకు అడ్డం పడుతుంది. అప్పుడు వాసన రాదు, మరక రాదు, టేకాఫ్‌లో ఇంజిన్ ఆగుతుంది. కారే ట్యాంకు కనీసం ముక్కుకు తెలుస్తుంది, ఊడే పొర ముందుగా ఏ సూచనా ఇవ్వదు. అందుకే దీన్ని రిపేరు కింద నేను లెక్కపెట్టను.

పైగా పాత కాంపౌండ్లకు ఆల్కహాల్ పడదు, మెత్తబడి విడిపోతాయి. ఈ కబ్‌లో ఎప్పుడైనా కారు పెట్రోలు పోశారా అని పాత యజమానిని అడగండి. కబ్‌కు వేసే ఎ-65 లాంటి తక్కువ కంప్రెషన్ ఇంజిన్లకు కారు పెట్రోలు వాడే ఎస్‌టీసీ (మూల డిజైన్‌లో మార్పుకు ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) అనుమతులు ఉన్నాయి, కానీ అవి ఇథనాల్ లేని పెట్రోలుకు మాత్రమే. అమెరికా బంకుల్లో ఇప్పుడు మామూలుగా దొరికేది పది శాతం ఇథనాల్ కలిపిన రకం. అది నీటిని పీల్చుకుని, ఒక హద్దు దాటాక నీరూ ఆల్కహాలూ కలిసి విడిపోయి అడుగున పేరుకుంటాయి. తుప్పుకు అంతకన్నా మేలైన ఆహారం లేదు. కబ్ మూతలోంచి పైకి కనిపించే తీగ ఉంది కదా, మీ పెట్రోలు గేజ్ అదే. దాని కింద తేలే బెండుకు పాతకాలంలో లక్క పూసేవాళ్ళు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. పూత పోయిన బెండు పెట్రోలు పీల్చి బరువెక్కి తప్పుడు మట్టం చూపిస్తుంది, మెల్లగా తునకలై జల్లెడకు చేరుతుంది. మీ గిన్నెలో తుప్పుతో పాటు గోధుమరంగు మెత్తటి తునకలు కనిపిస్తే బెండు కూడా మార్చాలి. ఇప్పుడు ఆల్కహాల్‌కు తట్టుకునే బెండ్లు దొరుకుతున్నాయి.

అల్యూమినియం ట్యాంకు ఆలోచన చెడ్డది కాదు. తేలిక, తుప్పు పట్టదు, 5052 లాంటి మిశ్రమం వెల్డింగ్‌కు బాగా లొంగుతుంది. కానీ ఇది సర్టిఫికెట్ ఉన్న విమానం. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల ప్రకారం దానిలో పెట్టే భాగానికి అనుమతి ఆధారం ఉండాలి. మంచి వెల్డర్ చేశాడన్నది ఆధారం కాదు. యజమాని తన విమానం కోసమే భాగం తయారు చేయించుకునే వెసులుబాటు 21.9 నిబంధనలో ఉంది, అయితే అది మూల డిజైన్‌కు సరిపోవాలి. డ్రాయింగ్, లోహం, తనిఖీ బాధ్యత మీ మీద ఉంటుంది. ఇనుప రేకు బదులు అల్యూమినియం వేశారంటే డిజైన్ మార్చినట్టే. ఇంధన వ్యవస్థ మూల డిజైన్‌లో మార్పు చేస్తే అది పెద్ద మార్పు కిందికి వస్తుంది. దానికి ఆమోదించిన డేటా కావాలి, ఫారం 337 నింపాలి, తనిఖీ చేసి ఆమోదించే అధికారం (ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్) ఉన్న మెకానిక్ సంతకం కావాలి. ఇవేమీ లేకుండా పెట్టి, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఆ కాగితాలే. మీ స్నేహితుడి వెల్డర్ పనితనం గురించి నాకు సందేహం లేదు, కానీ చదరపు ట్యాంకు లోపల పెట్రోలు అటూ ఇటూ కొట్టుకోకుండా పెట్టే అడ్డుపలకలు, పట్టీలు ఒరుసుకునే చోట మందం, కంపనానికి పగలని అంచులు వంటివి విమానాల ట్యాంకులు చేసిన అనుభవంతో వచ్చేవి.

అందుకే మీకు తేలికైన దారి పీఎంఏ ఉన్న కొత్త ట్యాంకు. పీఎంఏ అంటే ఆ భాగం చేసి అమ్మడానికి ఎఫ్‌ఏఏ ఇచ్చిన అనుమతి. కొలరాడోలోని అరోరాలో ఉన్న యూనివేర్ లాంటి సంస్థలు పాత పైపర్లకు భాగాలు చేస్తాయి. మీ విమానం సీరియల్ నంబర్ చెప్పి అడగండి. జె-3లు ఇరవై వేల దాకా తయారయ్యాయి కాబట్టి భాగాల విషయంలో మీరు అదృష్టవంతులు. మన దేశంలో హెచ్‌ఏఎల్ చేసిన పుష్పక్ విమానం కూడా ఇలాంటిదే. ఏరోంకా నమూనాలో ఇనుప గొట్టాల చట్రం, గుడ్డ కప్పు, కాంటినెంటల్ ఇంజిన్. అలాంటి విమానాన్ని నిలబెట్టుకోవాలనుకునే మనిషికి మీకున్నంత సులువుగా ట్యాంకు దొరకదు. పాత ట్యాంకు ఇంకో కబ్ నుంచి విప్పింది చవకగా వస్తుందని ఎవరైనా అంటే, దానికీ అంతే వయసు ఉందని మరచిపోవద్దు. లోపలంతా చూసి, పరీక్షించిన కాగితం ఉంటే తప్ప తీసుకోకండి.

పని మీరు చేయవచ్చా అని మీరు అడగలేదు కానీ ముగ్గురూ ఖర్చు తగ్గించుకోవాలనుకుంటారని నాకు తెలుసు. పైలట్‌గా యజమాని సొంతంగా చేసుకోగల పనుల జాబితా ఎఫ్‌ఏఏ నిబంధనల పార్ట్ 43 అపెండిక్స్ ఎలో ఉంది. పెట్రోలు జల్లెడలు శుభ్రం చేయడం, రెడీమేడ్ ఇంధన గొట్టాలు మార్చడం అందులో ఉన్నాయి. ట్యాంకు లేదు. అయితే మెకానిక్ దగ్గరుండి చూస్తూ, సంతకం తను చేస్తే, ఆయన పర్యవేక్షణలో మీరు చేయి కలపవచ్చు. ముందు రేకు కవర్, అద్దం అంచు విప్పడం, పట్టీలు తీయడం, తర్వాత మళ్ళీ బిగించడం ఎక్కువ గంటలు తినే పనులు. ఆ గంటలు మీవైతే బిల్లు బాగా తగ్గుతుంది. ముందే ఆయనతో మాట్లాడుకోండి, చేసేసి సంతకం పెట్టమనడం ఆయన్ను ఇబ్బంది పెట్టడమే.

విప్పేటప్పుడు ఒక్క మాట చాలా గట్టిగా చెబుతాను. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం. నిండు దానిలో ద్రవం ఉంటుంది, ఖాళీ దానిలో గాలీ పెట్రోలు ఆవిరీ కలిసి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. పెట్రోలు బయట దించండి, విమానానికీ డబ్బాకూ ఎర్త్ తీగ కలపండి. ఒకవేళ మాటు వేయించే పక్షమైతే ట్యాంకుకు వేడి తగలక ముందు వేడి నీటి ఆవిరి పట్టించి, లోపలి పెట్రోలు ఆవిరంతా పోగొట్టి తీరాలి. వారం రోజులు మూత తీసి ఎండలో పెట్టాం కదా అంటే సరిపోదు, అతుకుల్లో ఇంకిన పెట్రోలు వేడికి మళ్ళీ ఆవిరవుతుంది. ఎఫ్‌ఏఏ మార్గదర్శక పత్రం ఏసీ 43.13-1బిలో ఇంధన ట్యాంకుల శుద్ధి, పరీక్షల గురించి భాగం ఉంది, మెకానిక్‌తో కలిసి మీరూ చదవండి. పూతలో సీసం, పాత పెట్రోలు మిగిల్చిన సీసం రెండూ ఉంటాయి కాబట్టి చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఆ బట్టలతో ఇంటికి వెళ్ళి పాపను ఎత్తుకోకండి.

మాటు వేసిన ట్యాంకునైనా, కొత్తదాన్నైనా బిగించే ముందు గాలి పెట్టి చూడాలి. చిన్న విమానాల ప్రమాణాల్లో మామూలు లోహపు ట్యాంకుకు చెప్పే అంకె 3.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు). వినడానికి చిన్నదే, కానీ అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న రేకు మీద అది 500 పౌన్లకు పైగా తోస్తుంది. కంప్రెసర్ గొట్టం నేరుగా తగిలిస్తే ట్యాంకు ఉబ్బి అతుకులు పగులుతాయి. గేజ్‌ను కూడా నమ్మక్కర్లేదు, పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని యు ఆకారంలో గోడకు కట్టి నీళ్ళు పోయండి. రెండు వైపుల మట్టాల తేడా 8 అడుగులు వస్తే దాదాపు 3.5 పీఎస్‌ఐ. గాలి ఎక్కువైతే నీళ్ళు పైకి చిమ్మి ఒత్తిడి పోతుంది, ట్యాంకు దక్కుతుంది. సబ్బు నీళ్ళు అతుకుల మీద రాసి బుడగలు చూడండి. ఎంత ఒత్తిడి దాకా వెళ్ళాలన్నది ఆ ట్యాంకుకు వచ్చిన సూచనలు, మీ మెకానిక్ నిర్ణయం.

బిగించాక చాలామంది వదిలేసే పరీక్ష ఇంకోటి ఉంది, దాన్ని వదలవద్దు. పెట్రోలు సరిపడా వేగంతో దిగుతోందా అన్నది. బరువుతో దిగే ఇంధన వ్యవస్థ టేకాఫ్‌లో ఇంజిన్ తాగేదానికి ఒకటిన్నర రెట్లు ఇవ్వగలగాలన్నది ప్రమాణాల్లో ఉన్న లెక్క. 65 హార్స్‌పవర్ ఇంజిన్, ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు అర పౌను చొప్పున తాగితే గంటకు అయిదున్నర గ్యాలన్లు. ఒకటిన్నర రెట్లంటే ఎనిమిది పైచిలుకు. అంటే కార్బ్యురేటర్ దగ్గర గొట్టం విప్పి పట్టుకుంటే గ్యాలన్ డబ్బా ఏడు, ఏడున్నర నిమిషాల్లో నిండాలి. ముక్కు పైకెత్తి, ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు చూడండి, ఎందుకంటే ఇబ్బంది వచ్చేది అప్పుడే. పరీక్ష మొదలుపెట్టేటప్పుడు మూత బిగించి ఉండాలి. తీగ దిగే రంధ్రం నుంచో, గాలి గొట్టం నుంచో ట్యాంకులోకి గాలి వెళ్ళకపోతే కాసేపటికి ధార సన్నగిల్లుతుంది. ఎవరో పాత ట్రాక్టర్ మూతో, కారు మూతో పెట్టిన కబ్‌లు ఉన్నాయి, మీది చూసుకోండి.

గేజ్ తీగను కూడా కొత్త ట్యాంకుకు సరిచూసుకోవాలి. ఖాళీ ట్యాంకులో ఒక్కో గ్యాలన్ కొలిచి పోస్తూ తీగ ఎంత పైకి లేచిందో రాసుకుని, ఆ కాగితాన్ని విమానంలోనే పెట్టండి. కొత్త ట్యాంకు బరువు పాతదానికి తేడా ఉంటే బరువు లెక్క కాగితం కూడా మారాలి. లాగ్‌బుక్‌లో భాగం నంబరు, చేసిన పరీక్షలు, తేదీ, సంతకం ఉండేలా చూడండి. అమ్మే రోజున మీకు విలువ తెచ్చేది అదే.

ఖర్చు గురించి మీ టెన్షన్ న్యాయమైనదే. ముగ్గురు పంచుకుంటున్నారు, పని గంటల్లో మీ చేయి వేస్తున్నారు. సీలెంట్ మనిషితో గొడవ పడకుండా, ట్యాంకు విప్పిన రోజు ఆయన్ను కూడా పిలవండి. అడుగు భాగాన్ని తన కళ్ళతో చూశాక ఆయన మాట మారుతుందని నా నమ్మకం. మొదటి విమానయానం మీలో ఒకరు ఒంటరిగా, కబ్‌లో ఒంటరిగా ఎగిరేటప్పుడు కూర్చునే వెనక సీట్లో, ఎయిర్‌పోర్టు మీదే కాసేపు తిరిగి దిగండి. దిగాక కవర్ తీసి అతుకులు, పట్టీలు చూడండి. మొదటి పది గంటల్లో ఎగిరిన ప్రతిసారీ గాస్కొలేటర్ గిన్నె విప్పి చూడండి. కొత్త ట్యాంకులో మిగిలిన తయారీ చెత్త, పాత గొట్టాల్లో నిలిచిన తుప్పు పొడి ఆ రోజుల్లోనే వస్తాయి. వరుసగా కొన్నిసార్లు గిన్నె శుభ్రంగా ఉంటే, కాక్‌పిట్‌లో వాసన లేకపోతే, పాపను ముందు సీట్లో ఎక్కించే విషయం మీ ఆవిడను అడగండి. ఆవిడ ముందే ఆ గిన్నె తీసి చూపిస్తే ఇంకా మంచిది.